నేల తాకని బంతి

వరమ్మ చేతికి అందిన వస్తువు కింద పడిన దాఖలా ఆ ఊళ్లో లేదు. నీళ్ల చెంబు కానీ, చంకలోంచి జారిన చంటిపిల్ల కానీ, అంకప్ప కూతురి చేతికి అందిందంటే ఇక దానికి భయం లేదని అందరూ అనేవాళ్లు. తమిళనాడులో, కృష్ణగిరి నుంచి బర్గూరు పోయే దారిలో, రెండు పక్కలా మామిడి తోపులే ఉన్న పల్లె అది. అంకప్ప తోపులు గుత్తకు పట్టి కాయ కోయించేవాడు. కోత ముఠాకు పెద్ద ఆయన భార్య రంగమ్మ. పేరుకు యజమాని అంకప్పే అయినా, తోపులో అడుగుపెట్టాక ఆయన కూడా రంగమ్మ నోటికి జడిసి నడుచుకోవలసిందే.

ఆ తోపుల్లో పనికి ఒక పద్ధతి ఉంది. చెట్టెక్కిన మనిషి కాయ తుంచి చేత్తోనే పట్టుకుంటాడు, వదలడు. కింద నిలబడ్డ ఆడమనిషి కాళ్లు కుదుర్చుకుని, రెండు చేతులూ చాచి, "రానీ!" అని కేక పెట్టాలి. అప్పుడు వదలాలి. పిలవకముందే వదిలితే తప్పు పైవాడిది, పిలిచి పట్టకపోతే తప్పు కిందిదానిది. నేల తాకిన కాయ ఎంత మేలురకమైనా దెబ్బకాయే. పైకి నిగనిగలాడుతూ కనిపిస్తుంది, లోపల మగ్గిపోయి పక్కనున్న గంపెడు కాయల్నీ చెడగొడుతుంది. అందుకని కాయ జారవిడిచిన వాళ్లను రంగమ్మ అందరి ముందూ దులిపేసేది. ఆ దులపడంలో కూతురికని మినహాయింపేమీ లేదు. వరమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ చెట్ల కింద ఆ కేకల మధ్యే పెరిగింది.

తొంభై ఏడులో, ఆమె కృష్ణగిరిలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, బాస్కెట్‌బాల్ ఆమె మీదికే వచ్చి పడింది. నిజంగానే పడింది. మైదానంలోంచి దారి తప్పిన బంతి వరండాలో నడుస్తున్న వరమ్మ తల మీదికి దూసుకొచ్చింది. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. రెండో చేతిని అటు చూడకుండానే చాచి బంతిని ఆపి, పొట్టకు అదుముకుని, ఎవరిదని దిక్కులు చూసింది. క్యారియర్‌లోని మజ్జిగ తొణకలేదు.

ఆ బడి పీటీ మాస్టరు మారియప్ప సార్. ఆయనకు తిట్టాలంటే తమిళం, మెచ్చుకోవాలంటే తెలుగు. ఆ రోజు పరుగెత్తుకొచ్చి తెలుగులో అడిగాడు. "ఆ చెయ్యి యాడ నేర్చింది పాపా?"

"ఏ చెయ్యి సార్?" అంది వరమ్మ అమాయకంగా.

మర్నాడే ఆమెను జట్టులోకి లాగేశాడు. బంతి చేతికిచ్చి, దీన్ని నేలకేసి కొడుతూ పరుగెత్తాలని చెప్పాడు. వరమ్మ ఆయన్ని కాస్త అనుమానంగా చూసింది.

"కింద కొట్టల్లా సార్?"

"ఆ, కొట్టమ్మా."

"కొడితే దెబ్బ తగల్దా?"

"ఎవురికి?"

"బాల్‌కి."

మైదానమంతా పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వారు గానీ ఆమె చేతికి మాత్రం ఆ పని చేతకాలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఒంటరిగా ప్రాక్టీసు చేసేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని, ఏదో పాపం చేస్తున్నట్టు నాలుగుసార్లు కొట్టేది. మ్యాచ్ మొదలైందంటే అంతే సంగతులు. బంతి అందగానే చేతులు దాన్ని గుండెకు హత్తుకునేవి. ఎవరైనా "రానీ!" అనేదాకా వదిలేవి కావు. పిలుపు వినిపించిందా, ఇక ఆ బంతి ఎంత దూరమైనా, ఎంత సందైనా, పిలిచినదాని అరచేతుల్లోకే పోయి కూర్చునేది.

మారియప్ప సార్ నెల్లాళ్లు తమిళంలో తిట్టాడు. తర్వాత ఆయనకే ఒక ఆలోచన తట్టింది. అదే పల్లె నుంచి, అవే తోపుల కింద పెరిగిన పిల్లలను ఇంకో నలుగురిని తెచ్చి జట్టు కట్టాడు. ఆ జట్టు ఆడితే బంతి నేల తాకేది కాదు. అటు రానీ, ఇటు రానీ, మళ్లీ రానీ. ఎదుటి జట్టు పిల్లలు తలలు తిప్పి తిప్పి మెడలు పట్టేసి, బంతి ఎవరి దగ్గరుందో అంపైర్‌నే అడిగేవాళ్లు. ధర్మపురి జిల్లా మొత్తం మీద ఆ బడిని ఓడించిన వాళ్లు లేరు. అప్పట్లో కృష్ణగిరి, హోసూరు అన్నీ ధర్మపురి జిల్లాలోవే.

బడి అయింది, కాలేజీ వచ్చింది. నలుగురు పిల్లల్లో ఒకతి కల్లావికి కోడలుగా పోయింది, ఒకతి బెంగళూరులో నర్సయింది, మిగతా ఇద్దరూ చదువులని, ఇంటి పనులని ఆట మానుకున్నారు. వరమ్మ ఒక్కతే మిగిలింది. ఆ పిల్లకు ఆటంటే పిచ్చి అనడం చిన్నమాట. బూట్ల తాడు బిగించేటప్పుడు ఆమె తనలో తానే కూనిరాగం తీసేది. పండగనాడు కొత్త బట్ట కట్టుకున్నప్పుడు కూడా అంత సంబరం ఎరగదు.

రెండువేల నాలుగులో కృష్ణగిరి కొత్త జిల్లా అయింది. కృష్ణగిరి వాళ్లు టపాసులు కాల్చుకున్నారు. ఫ్యాక్టరీలు మావి, జనం మా ఊళ్లో, కలెక్టరాఫీసు మాత్రం మీకా అని హోసూరు వాళ్లు మూతి ముడుచుకున్నారు. ఆ ముడిచిన మూతుల మధ్యనే కొత్త జిల్లాకు మొట్టమొదటి మహిళల జట్టు తయారు చేయమని మారియప్ప సార్‌కు కబురొచ్చింది. పైగా ఆ ఏడు మే నెలలో రాష్ట్ర పోటీలు హోసూరులోనే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇక్కడ ఇంట్లోనే కుదరలేదు. హోసూరు వైపు నుంచి వచ్చిన వాళ్లలో నందిత అనే పిల్ల ఉంది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. కంపెనీ క్వార్టర్స్‌లోని సిమెంటు కోర్టులో పెరిగిన పిల్ల నందిత. బంతి దొరికితే నేలకేసి దడదడలాడిస్తూ ముగ్గురిని దాటి బుట్టలో వేసి గానీ వెనక్కి చూడదు. వరమ్మ పేరు వినగానే, "మా నాయనమ్మ పేరు కూడా ఇదే" అని నవ్వింది. వరమ్మ పట్టించుకోలేదు.

అసలు తగువు మొదటి ప్రాక్టీసులోనే వచ్చింది. బంతి వరమ్మ చేతిలో ఉంది. నందిత బుట్ట కింద ఖాళీగా, చెయ్యెత్తి నిలబడింది. వరమ్మ ఆమెను చూసింది. చూసి, బంతిని గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. మారియప్ప సార్ ఈల ఊదాడు.

"చెయ్యెత్తాను కదా, కనపడలేదా?" అంది నందిత కోపంగా.

"కనపడింది. నువ్వు పిల్చలేదు గదా."

"పిలవడమేంటి? ఇదేమన్నా పేరంటమా?"

"రానీ అనల్ల. అంటే వస్తుంది."

"మామిడితోపులో అరిచినట్టు నేను అరవను. చూసి వెయ్యి, చాలు."

బర్గూరు నుంచి వచ్చిన పొడుగుపిల్ల మంజు రెండోరోజే "రానీ" అనడం నేర్చుకుంది. అంచెట్టి నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల కూడా నేర్చుకుంది. నందిత మాత్రం నోరు విప్పలేదు. వరమ్మ, చూసి వేద్దామని మనసులో ఎంత అనుకున్నా, చేతులు మాట వినేవి కావు. జట్టులో బంతి అందించేదానికీ బుట్టలో వేసేదానికీ మధ్య సంబంధమే తెగిపోయింది.

"ఒకతి పిల్చదు, ఇంకొకతి పిల్చకుంటే ఇయ్యదు," అని మారియప్ప సార్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మీ ఇద్దరి నడమ నేను సన్యాసం తీసుకోవల్ల."

పోటీలకు వారం ముందు ఆయన వరమ్మను పక్కకు పిలిచాడు. రైల్వే మహిళల జట్టులో బంతి నడిపించే గార్డు ఒకతి కావాలట. ఆ జట్టు కోచ్ మేడం హోసూరుకే వచ్చి, మ్యాచ్‌లు చూసి పిల్లను ఎంచుకుంటుందట. రైల్వే జట్టంటే ఉద్యోగం, దేశమంతా తిరగడం, ఏడాది పొడుగునా ఆటే.

"ఆయమ్మ పోయినేడు సేలంలో నిన్ను చూసిందమ్మా," అన్నాడు సార్. చెప్పాలా వద్దా అని కాసేపు నసిగి, చెప్పేశాడు. "చేతులు బంగారం అనింది. కానీ బాల్ నేలకు కొట్టని గార్డుని నేనేం చేసుకునేది అనింది. ఒక్క మ్యాచ్‌లో కొట్టి చూపించు తల్లీ. ఒక్కటంటే ఒక్క మ్యాచ్."

వరమ్మ తలూపింది. ఆ వారమంతా పొద్దున్నే లేచి కొట్టింది. మ్యాచ్ తలుచుకుంటే మాత్రం చేతులు మళ్లీ బంతిని గుండెకు హత్తుకునేవి.

ఇంట్లో ఎవరూ ఆమెను కట్టడి చేయలేదు. కాలేజీ అయిపోయింది, జిల్లా జట్టు ఆడేది ఏడాదికొకసారి, ఇక ఖాళీగా ఉండి ఏం చేస్తుంది అనుకుని అంకప్ప కృష్ణగిరిలో మామిడికాయలు అమ్మే మండీ తెరిచాడు. "జూన్ నుంచి నువ్వే కూసోవల్ల మండీలో. నీకంటే నమ్మకమైన చెయ్యి నాకు దొరకదు," అన్నాడు ప్రేమగా. ఆ ప్రేమే ఆమెకు ముల్లయింది. మామిడంటే ఆమెకు ఇష్టమే. కానీ మండీలో గద్దె మీద కూర్చుని, బూట్లు అటక మీద పెట్టేసి, ఇక ఈ జన్మకు ఇంతే అనుకోవడం ఆమె వల్ల కాలేదు. రైల్వే మేడం తీసుకుంటే ఆట ఉంటుంది, లేకపోతే లేదు. లెక్క అంతే.

పోటీలు మొదలయ్యాయి. మొదటి రెండు మ్యాచ్‌లు కొత్త జిల్లా ఏదో అదృష్టం కొద్దీ, నందిత ఒక్కదాని ఆటతో, నెగ్గుకొచ్చింది. సెమీఫైనల్ చెన్నైతో. చెన్నై అంటే ఏళ్ల తరబడి కప్పు తీసుకుపోతున్న జట్టు. అందులో ఆరడుగుల పిల్ల ఒకతి బుట్ట కింద నిలబడితే మిగతా వాళ్లకు ఆకాశం కనిపించదు.

ఆ సాయంత్రం హోసూరు గాలి చల్లగా ఉంది. గ్యాలరీ నిండిపోయింది. సరిగ్గా మ్యాచ్ మొదలయ్యే వేళకు బయట ఒక మామిడి లారీ వచ్చి ఆగింది. అందులోంచి రంగమ్మ, అంకప్ప, ముప్పైమంది కోత ముఠా ఆడవాళ్లు దిగారు. తలగుడ్డలు తీయలేదు, చేతుల మీద మామిడి సొన మరకలు ఆరలేదు. తోపులోంచి నేరుగా వచ్చేశారు. వాళ్లలో ఎవరూ అంతకుముందు ఈ ఆట చూసినవాళ్లు కాదు.

వరమ్మ చిన్నమ్మ బుట్టను చూసి బుగ్గ నొక్కుకుంది. "ఆ గంపకు అడుగు లేదేంది మే? ఎంత ఏసినా కిందికే గదా పడేది! ఎవురు అల్లినారో గానీ!"

"నోరు మూసుకుని చూడు," అంది రంగమ్మ. ఆమెకూ ఆ అనుమానం వచ్చింది గానీ పెద్దరికం కొద్దీ బయటపడలేదు.

ఆట మొదలైంది. అబ్బ, ఏం ఆట అది! చెన్నై పిల్లలు గాలిలా వస్తున్నారు. వరమ్మ మధ్యలో నిలబడి మంజుకు ఇస్తోంది, అంచెట్టి పిల్లకు ఇస్తోంది. నందిత తనకు తానే బంతి సంపాదించుకుని దూసుకుపోతోంది. రైల్వే మేడం ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చుంది. వరమ్మ అటు చూడకూడదనుకుంటూనే చూసింది. ఈసారి కొడతాను అనుకుంది. బంతి వచ్చింది, హత్తుకుంది, మంజు "రానీ" అంది, ఇచ్చేసింది. వచ్చేసారి కొడతాను అనుకుంది. మళ్లీ అంతే.

మూడో భాగంలో అసలు అనర్థం జరిగింది. ఇద్దరు చెన్నై పిల్లలు వరమ్మను గీత దగ్గరికి తోసి చుట్టుముట్టారు. ఆమె బంతిని నెత్తిమీదికెత్తి, పిలుపు కోసం చెవులు రిక్కించింది. సరిగ్గా ఆమె వెనకే గ్యాలరీలో ముఠా కూర్చుని ఉంది. తమ పిల్ల కాయ పట్టుకుని పైకెత్తి నిలబడింది, పిలిచే దిక్కు లేదు. చిన్నమ్మ ప్రాణం ఎలా ఊరుకుంటుంది? జీవితమంతా చేసిన పని అదే. లేచి, కాళ్లు కుదుర్చుకుని, రెండు చేతులూ చాచి, "రానీ!" అని కేక పెట్టింది. ఆ వెంటనే ముప్పైమందీ లేచి, "రానీ! రానీ!" అన్నారు.

వరమ్మ బుర్ర వద్దనేలోపే చేతులు వదిలేశాయి. బంతి గీత దాటి, జనం తలల మీదుగా పోయి, నాలుగో వరుసలో చిన్నమ్మ చేతుల్లో ఒద్దికగా వాలింది. చిన్నమ్మ దాన్ని చంకలో పెట్టుకుని, "పట్టినానా లేదా?" అని గర్వంగా చుట్టూ చూసింది.

స్టేడియం స్టేడియమంతా గొల్లుమంది. అంపైర్ ఈల ఊదుతూనే నవ్వాడు. రైల్వే మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కావిడతో ఏదో అంది. మారియప్ప సార్ నోటి నుంచి వచ్చిన తమిళం ఇక్కడ రాసేది కాదు. వరమ్మను బయటికి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

ఆమె తువ్వాలు మొహానికి కప్పుకుని ఏడ్చింది. అయిపోయింది అనుకుంది. నా ఆట ఈ నవ్వుతోనే అయిపోయింది.

గ్యాలరీలో రంగమ్మకు జరిగింది నిమిషంలో అర్థమైంది. చిన్నమ్మ చంకలోని బంతిని లాక్కుని లోపలికి విసిరి, ముఠా వైపు తిరిగింది. "ఇంగ ఎవురన్నా నోరు తెరిచినారా, రేపు తోపు గడప తొక్కద్దు. కాయకి పిల్చేది మనం, బాల్‌కి పిల్చేది వాళ్లు. అర్థమైందా?" ముప్పైమంది ఆడవాళ్లు పైట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. అంత నిశ్శబ్దంగా వాళ్లు ఉండగలరని వాళ్లకే తెలియదు.

ఈలోగా కోర్టులో నందిత ఒంటరిదైపోయింది. ఆమెను ముగ్గురు చుట్టుముడుతున్నారు. బంతి అందించే చెయ్యి లేదు. చెన్నై ముందుకు పోయింది, ఇంకా ముందుకు పోయింది. టైమవుట్‌లో నందిత రొప్పుతూ వచ్చి, సార్‌తో అంది. "ఆమెను ఆడించండి సార్. నాకు బంతి అందట్లేదు."

"నువ్వేనా ఈ మాట అనేది?" అన్నాడు సార్.

నందిత వరమ్మ మొహం మీది తువ్వాలు లాగేసింది. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ లే. నువ్వు ఇస్తే నేను వేస్తాను."

"నువ్వు పిలిస్తే నేనిస్తా," అంది వరమ్మ ముక్కు తుడుచుకుంటూ.

నందిత పళ్లు కొరికి వెళ్లిపోయింది. పిలుస్తాననలేదు, పిలవననీ అనలేదు.

వరమ్మ మళ్లీ దిగింది. దిగీ దిగగానే మంజు "రానీ" అంది, బుట్ట పడింది. అంచెట్టి పిల్ల "రానీ" అంది, మళ్లీ పడింది. నందిత ఒకరి చేతిలోంచి బంతి లాగి ఒంటరిగా పరుగెత్తి వేసింది. తేడా తరిగింది. హోసూరు జనం, కృష్ణగిరి జనం అన్న తేడా కూడా తరిగిపోయి, మూతి ముడుచుకున్న వాళ్లే లేచి నిలబడి, "కృష్ణగిరీ! కృష్ణగిరీ!" అని అరవడం మొదలుపెట్టారు. ఒక్క ముఠా మాత్రం చెంగులు నోట్లో పెట్టుకుని గుడ్లు మిటకరిస్తోంది.

ఆఖరి నిమిషం వచ్చేసరికి చెన్నైది ఒక్క పాయింటే పైచేయి. బంతి వరమ్మ చేతిలో పడింది.

చెన్నై పిల్లలు తెలివైనవాళ్లు. ఆ సాయంత్రమంతా చూశారు కదా, ఈ పిల్ల బంతి నేలకు కొట్టదు, ఒక్క అడుగు ముందుకు రాదు. ఈమెను కాపలా కాయడం దేనికి? వరమ్మను ఖాళీగా వదిలేసి, మిగతా నలుగురినీ అయిదుగురూ కమ్ముకున్నారు. మంజు ముందు చేతులు, నందిత ముందు ఆరడుగుల గోడ. పిలిచే సందు ఎవరికీ లేదు.

వరమ్మ ఎదురుగా బాట తెరుచుకుని ఉంది. ఆమె నిలబడిన చోటు నుంచి బుట్టదాకా ఒక్క మనిషి అడ్డం లేదు. "కొట్టమ్మా! కొట్టు!" అని సార్ తమిళం మరిచిపోయి అరుస్తున్నాడు. గడియారం పరుగెడుతోంది. ఆమె చేతులు బంతిని ఇంకా గట్టిగా హత్తుకున్నాయి. కింద పడేస్తే పోతుంది, చేతులారా పోగొట్టుకున్నట్టే అని చేతులు చెబుతున్నాయి. పట్టుకుని నిలబడినా పోతుంది కదే పిచ్చిదానా అని మనసు తిట్టింది. పట్టుకుంటే ఈ మ్యాచ్ పోతుంది, ఆట పోతుంది, అన్నీ పోతాయి.

వరమ్మ బంతిని నేలకేసి కొట్టింది.

గ్యాలరీలో రంగమ్మ "అయ్యో!" అని గుండె బాదుకుంది. బంతి నేలను తాకి, టప్‌మని, తిరిగి వరమ్మ అరచేతిలోకే వచ్చింది. ప్రాక్టీసులో కళ్లు మూసుకున్న పిల్లకు ఆ సంగతి ఇన్నేళ్లూ తెలియనే లేదు. ఇప్పుడు కళ్లు తెరుచుకుని చూసింది. పోయింది అనుకున్నది తనంతట తానే చేతికొచ్చింది! ఆమె ఒళ్లంతా జల్లుమంది. నవ్వొచ్చింది. మళ్లీ కొట్టింది, మళ్లీ వచ్చింది. ఇక ఆమె పరుగు ఆగలేదు. కొడుతోంది, అది వస్తోంది, నేల వెనక్కి పోతోంది, బుట్ట పెద్దదవుతోంది. చెన్నై పిల్లలు దెయ్యాన్ని చూసినట్టు చూశారు. అడ్డం వచ్చిన మొదటి పిల్లను ఎడమ పక్కనుంచి దాటేసింది. ఎలా దాటిందో అడిగితే ఆమె కూడా చెప్పలేదు.

బుట్ట కిందికి వచ్చేసింది. ఇక ఎగిరి వేయడమే. రైల్వే మేడం సీటులోంచి లేచి నిలబడింది. ఆరడుగుల పిల్ల నందితను వదిలేసి, రెండు చేతులూ ఎత్తి వరమ్మ మీదికి వచ్చింది. వేస్తే పడొచ్చు, పడకపోవచ్చు. పడితే మాత్రం ఆ బుట్ట వరమ్మది.

అప్పుడు కుడి పక్కనుంచి, గుంటూరు గొంతుతో, గొంతు చీలిపోయేలా ఒక కేక వినిపించింది.

"రానీ!"

వరమ్మ అటు చూడను కూడా చూడలేదు. బంతి ఆరడుగుల పిల్ల చంక కిందుగా పోయి నందిత అరచేతుల్లో కూర్చుంది. నందిత ఎగిరింది. బంతి బుట్టలో పడి, అడుగులేని గంపలోంచి కిందికి జారుతుండగా గంట మోగింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరికీ వరసగా గుర్తు లేదు. మంజు వరమ్మను ఎత్తి తిప్పింది. నందిత వచ్చి ఆమె మెడ కావిలించుకుని, "వినపడిందా? ఇప్పుడు వినపడిందా?" అని చెవిలో అరిచింది. "వినపడకుండా ఉంటుందా, బర్గూరుదాకా వినపడింటుంది," అంది వరమ్మ. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్లకే తెలియలేదు. మారియప్ప సార్ కనిపించిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని ఊపుతున్నాడు, ఓడిన జట్టు కోచ్ చెయ్యి కూడా.

ఆ గోలంతా కాస్త సద్దుమణిగాక వరమ్మకు గుర్తొచ్చింది. వెయ్యాల్సిన బుట్ట వేయలేదు. నాలుగు దెబ్బలు కొట్టి, తీరా మేడం లేచి నిలబడినప్పుడు బంతి ఇచ్చేసింది. ఇచ్చినందుకు దిగులేం లేదు, మళ్లీ అదే జరిగినా మళ్లీ ఇచ్చేస్తుంది. తల తిప్పి చూసేసరికి రైల్వే మేడం ఎదురుగా నిలబడి ఉంది.

"పోయినేడు సేలంలో చూశాను, నువ్వు బాల్ కొట్టలేదు," అంది మేడం తమిళంలో, కళ్లు చిట్లించి. "ఇవాళ కూడా ఆఖరిదాకా కొట్టలేదు. మరి అంత బాగా కొట్టడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

చాలాకాలంగా నేర్చుకుంటున్నాను మేడం అని చెప్పమని పక్కనుంచి మారియప్ప సార్ కళ్లతో సైగ చేశాడు. వరమ్మకు అబద్ధం ఆడటం ఎప్పుడూ చేతకాలేదు.

"ఇప్పుడే మేడం," అంది.

మేడం ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత కోర్టు దద్దరిల్లేలా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఫైనల్ రేపు కదా? రేపటికి ఇంకేం నేర్చుకుంటావో చూడాలి," అంది. "చూసినా చూడకపోయినా ఆ చోటు నీదే. జూన్‌లో చెన్నైకి వచ్చి చేరు. మిగతా సంగతులు నేను మీ సార్‌తో మాట్లాడతాను."

మేడంకు దండం పెట్టిందో లేదో కూడా వరమ్మకు గుర్తు లేదు. గిర్రున తిరిగి, గ్యాలరీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పరుగెత్తింది. చెంగులు ఇంకా నోట్లోనే పెట్టుకుని కూర్చున్న ముఠా ముందుకొచ్చి, రొప్పుతూ, తల్లినీ తండ్రినీ కలిపి పట్టుకుని అరిచింది.

"నాయనా, నేను మండీలో కూసోను! జూన్‌లో నేను రైల్వేకి ఆడతాను!"

ముప్పైమంది ఆడవాళ్లు రంగమ్మ వైపు చూశారు, ఇప్పుడైనా నోరు తెరవచ్చునా అన్నట్టు. రంగమ్మ కూతురి చెమట మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వాళ్ల వైపు సరేనన్నట్టు తల ఊపింది. అంతే, గ్యాలరీ కప్పు ఎగిరిపోయింది.

"అయితే మండీకి ఇంకొకరిని చూసుకోవల్ల," అన్నాడు అంకప్ప, భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటూ.